కాలుకో ఫారం, మనసుకో ఫారం వద్దు

ఒడిశాలోని పర్లాకిమిడిలో, జబ్బుపడ్డవాళ్లకి రోజువారీ పనులు ఎంత కష్టమవుతున్నాయో ఇంటింటికీ తిరిగి అడిగి రాసుకునే పనిలో చేరిన కొత్తలో ఒక తెలివితక్కువ పని చేశాను. పక్షవాతం వచ్చి, తర్వాత దిగులులో కూరుకుపోయిన ఒక మామ ఇంటికి ఒకే ఫారం రెండు కాపీలు పట్టుకెళ్లాను. ఒకటి కాలూచేతులకి, ఒకటి మనసుకి. రెండింట్లోనూ నడకకి 'చాలా కష్టం' అనే వచ్చింది. రెండు మార్కులూ కూడేశాను. మా సీనియర్ అక్క చూసి, "ఏమ్మా, ఈయన రెండుసార్లు నడవలేకపోతున్నాడా?" అంది.

ఆ ఫారం పేరు హూడాస్ 2.0. ప్రపంచ ఆరోగ్య సంస్థది, 2010లో మాన్యువల్‌తో సహా వచ్చింది. అందులో 36 ప్రశ్నలది ఒకటి, 12 ప్రశ్నలది ఒకటి. ఇంటి దగ్గర అడగడానికి 12ది చాలు. ఐదు నిమిషాల పని అంటారు గానీ నాకు అరగంట పడుతుంది, టీ తాగందే లేవనివ్వరు మరి. అసలు సంగతి ఏమిటంటే, ఇది ఏ జబ్బు వల్ల అని అడగదు. ఒంటి జబ్బు, దెబ్బ, మనసు బాగోకపోవడం, తాగుడు అన్నీ కలిపి, గత 30 రోజుల్లో ఈ పని ఎంత కష్టమైందో చెప్పమంటుంది, అంతే. కాబట్టి మనిషికి ఒకటే ఫారం.

ఆ 12 ఇవీ: అరగంట నిలబడటం, ఇంటి పనులు, కొత్త పని నేర్చుకోవడం, పండగలకీ గుడికీ వెళ్లడం, మనసు ఎంత కుంగింది, పది నిమిషాలు ఒకే పని మీద ధ్యాస, కిలోమీటరు నడక, స్నానం, బట్టలు కట్టుకోవడం, తెలియనివాళ్లతో మాట్లాడటం, స్నేహం నిలుపుకోవడం, రోజువారీ పని. ఒక్కోదానికి 0 నుంచి 4. కష్టమే లేకపోతే 0, అస్సలు చేయలేకపోతే 4.

అడిగే ముందు ఒక పని చెయ్యండి. ప్రశ్నలన్నీ తెలుగులో నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. మా వైపు వాళ్లకి ఒడియా బాగానే వచ్చు, కానీ ఒడియాలో అడిగితే మర్యాదకి "భొలొ అఛి" (బాగానే ఉంది) అని తేల్చేస్తారు. అదే కష్టం తెలుగులోనే బయటికొస్తుంది. అప్పటికప్పుడు తర్జుమా చేస్తే నెలకో మాట పడుతుంది, అప్పుడు పోయిన నెలతో పోల్చలేం. కిలోమీటరు అంటే కూడా ఎవరికీ అందదు. వాళ్ల గుమ్మం నుంచి ఎక్కడిదాకా కిలోమీటరో ముందే ఫోన్లో చూసుకుని, "ఆ చెరువుగట్టు దాకా" అని అడగండి.

మళ్లీ మామ సంగతికొస్తే, ఆయన గేదెకొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసేవాడు. నడక గురించి అడిగితే, "కాలు ఒగ్గేసింది కదమ్మా, ఎలా నడుస్తాను?" అన్నాడు. అత్త వెనక నుంచి, "కర్ర ఉంది, అయినా గుమ్మం దాటడు. ఎవరైనా చూస్తారని బెంగ" అంది. ఇక్కడే మనం తీర్పు చెప్పడానికి దిగుతాం, ఇది కాలా, మనసా అని. దిగకండి. కర్ర పట్టుకుని మామూలుగా నడిచే తీరులో ఎంత కష్టమో అడిగి, 3 వేసి ముందుకు పోండి. ధ్యాస ప్రశ్న దగ్గర ఆకురాయి చేతికిచ్చి పది నిమిషాలు చూశాను. చెయ్యి వణకడానికి ముందే చూపు కిటికీ వైపు వెళ్లిపోయింది. మార్కు ఆయన చెప్పిందే వేశాను, ఇది మాత్రం ఫారం అంచున రాసుకున్నాను. డాక్టరుకి పనికొచ్చేది అదే.

స్నానం దగ్గర జాగ్రత్త. "ఏ ఇబ్బందీ నేదు" అన్నాడు. నీళ్లు తోడి, వీపు రుద్దేది అత్త. రోజూ అలాగే జరుగుతుంటే ఆ సాయంతో ఎంత కష్టమో అదే మార్కు. జాతర ఆ నెలలో జరగలేదనుకోండి, ఆ ప్రశ్న ఆయనకి వర్తించదు. జరిగింది, ఒంట్లో బాగోక వెళ్లలేదంటే 4. బస్సుకి డబ్బుల్లేక ఆగిపోతే అది లెక్కలోకి రాదు. మంచిరోజులూ చెడ్డరోజులూ ఉంటాయి, రెంటికీ మధ్యస్థంగా చెప్పమనండి. ముప్పై రోజులు గుర్తుకు రాకపోతే నాలుగు సంతలు వెనక్కి లెక్కపెట్టించండి.

మొత్తం 48కి ఆయనకి 27 వచ్చింది, అంటే నూటికి 56. దీన్ని వైకల్య సర్టిఫికెట్ మీద వేసే శాతం అనుకుని ఆస్పత్రికి పరిగెత్తకండి. మెడికల్ బోర్డు లెక్క వేరు. మానసిక జబ్బుకి ఐడియాస్ అనే మన దేశపు స్కేలు వాడతారు, అందులో 20కి 7 వస్తే ప్రభుత్వ సాయాలకి చూసే 40 శాతం గీత అందుకున్నట్టు. రెండు వైకల్యాలుంటే అక్కడా నేరుగా కూడరు. పెద్దది 50, చిన్నది 45 అనుకుందాం. 90లోంచి 50 తీస్తే 40, దాన్ని 45తో గుణించి 90తో భాగిస్తే 20. ఆ 20ని 50కి కలిపితే 70. తొంభై ఐదు వస్తుందని ఆశపడి వెళ్లినవాళ్లు గొడవపడి రావడం చూశాను, అందుకే ముందే చెబుతున్నాను.

మనసు కుంగడం గురించి అడిగినప్పుడు మామ కాసేపు ఊరుకుని, "ఇంకా ఎందుకు బతకడం?" అన్నాడు. అలాంటి మాట వస్తే ఫారం మూసేయండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి, ఒంటరిగా వదలకండి, ఇంట్లోవాళ్లకి చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబరు 14416, ఏ వేళైనా ఎత్తుతారు. మేం ఆ రోజు అత్త ఫోన్లోంచే చేశాం. మిగతా ప్రశ్నలు తర్వాతి వారం అడిగాను.