గ్రెనోబుల్‌లో ఒక రోజు: ఏ పూట ఎటు వెళ్లాలి

ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఏ వీధి చివర చూసినా కొండే. ఉత్తరాన షార్త్రోజ్, తూర్పున బెల్దోన్, పడమర వెర్కోర్. ఈ మూడింటినీ ముందే గుర్తుపెట్టుకుంటే దారి తప్పడం కష్టం. పారిస్ గార్ ద లియోన్ స్టేషన్ నుంచి టీజీవీ అనే అతివేగ రైల్లో సుమారు 3 గంటల ప్రయాణం. లియోన్ విమానాశ్రయం నుంచైతే బస్సులో గంట.

ఉన్నది ఒక్కరోజే అయితే ఉదయం యూనివర్సిటీ, సాయంత్రం బాస్టీ కోట పెట్టుకోండి. ఈ వరస మార్చొద్దు. పొద్దున పూట బెల్దోన్ వెనక నుంచి ఎండ కళ్లలో కొడుతుంది, కొండలు నల్లటి నీడల్లా ఉంటాయి. అదే పొద్దు వాలేటప్పుడు పడమటి ఎండ తిన్నగా వాటి మీద పడి, 2,977 మీటర్ల శిఖరం దాకా మంచు అంతా గులాబీ రంగు తేలుతుంది. జూన్‌లో ఇది రాత్రి 9 దాటాకే, డిసెంబరులో 5 లోపే.

యూనివర్సిటీకి స్టేషన్ దగ్గర బి లైన్ ట్రామ్ ఎక్కాలి. టికెట్ స్టాప్‌లోని మెషిన్‌లో కొని, ఎక్కేముందే అక్కడి చిన్న యంత్రంలో నమోదు చేయించాలి. అది మరిచిపోతే జేబులో టికెట్ ఉన్నా జరిమానా పడవచ్చు. ఊరు బల్లపరుపు కాబట్టి ఇజేర్ నది గట్టున సైకిల్ మీద వెళ్లడం ఇంకా బాగుంటుంది. ఆగస్టులో మాత్రం క్యాంపస్ ఖాళీ.

మధ్యాహ్న భోజనం 12 నుంచి 2 లోపే. ఆ తర్వాత చాలా వంటశాలలు మూసేస్తారు. శాకాహారులు చీజ్ కూరిన చిన్న పిండి బిళ్లలు రావియోల్, బంగాళాదుంపల గ్రాతాన్ దోఫినువా అడగొచ్చు. పంది మాంసం ముక్కలు వేస్తారేమో ముందే కనుక్కోండి, వాటిని లార్దోం అంటారు.

బాస్టీకి నది ఒడ్డు నుంచి గుండ్రటి గాజు పెట్టెల రోప్‌వే ఉంది, ఈ రోప్‌వే మొదలైంది 1934లో. నడిచి ఎక్కి, అందులో దిగడం మేలు. ఎక్కే దారిలోనే దోఫినువా మ్యూజియం వస్తుంది. ప్రవేశం ఉచితం, మంగళవారం సెలవు. అక్కడిదాకా రాతి మెట్లే, వాన పడితే జారతాయి. పైదాకా ఎక్కుడు సుమారు 260 మీటర్లు, తాపీగా గంట. చివరి రోప్‌వే వేళ కిందే చూసుకుని ఎక్కండి, చలికాలంలో త్వరగా ఆపేస్తారు. జనవరిలో మరమ్మతులకు కొన్ని వారాలు అసలే నడవదు.

చలికాలం ఇంకో చిక్కుంది. చల్లగాలి బరువుగా లోయలో పేరుకుని, పొగమంచు రోజుల తరబడి కదలదు. అప్పుడు బాస్టీ ఎత్తు కూడా చాలకపోవచ్చు. ఇంకా ఎత్తున, బెల్దోన్ కొండల్లో ఉన్న షామ్రూస్ స్కీ కేంద్రం కెమెరా నెట్‌లో చూడండి. అక్కడ ఎండ కనిపిస్తే, కోట మానుకుని షామ్రూస్ వెళ్లే బస్సే ఎక్కండి.