పేస్‌మేకర్ కోడింగ్ – 4వ పాఠం: బ్యాటరీ మార్చిన కేసు

ముందు పోయిన పాఠంలోని కేసుకు (రెండు లీడ్‌ల పేస్‌మేకర్ కొత్తగా పెట్టారు, అమెరికా బీమా క్లెయిమ్‌లో ఆ పనికి ఏ కోడ్ వేయాలి?) జవాబు: 33208. ఏట్రియంలో (గుండె పై గదిలో) ఒక లీడ్, అంటే తీగ, వెంట్రికిల్‌లో (కింది గదిలో) ఒక లీడ్, వాటికి కరెంటు పంపే కొత్త జనరేటర్. జనరేటర్ పెట్టడం ఆ కోడ్‌లోనే ఉంది కాబట్టి 33213 (అప్పటికే ఉన్న రెండు లీడ్‌లకు జనరేటర్ మాత్రమే పెట్టే కోడ్) కలపకూడదు.

ఈసారి రోగి ఒంట్లో పేస్‌మేకర్ ఎప్పటినుంచో ఉంది. రిపోర్టులో ఈఆర్ఐ అని రాశారు, అంటే బ్యాటరీ అయిపోవచ్చింది. ఆ బ్యాటరీని విడిగా తీయలేరు, అది జనరేటర్‌లోనే సీలై ఉంటుంది. కాబట్టి "బ్యాటరీ మార్పు" అని డాక్టరు రాసినా మీరు చదవాల్సింది జనరేటర్ మార్పు అనే. పాతది తీసి కొత్తది పెట్టడానికి కలిపి ఒకటే కోడ్: ఒక లీడ్ ఉంటే 33227, రెండుంటే 33228, మూడుంటే 33229. డయాగ్నోసిస్ కోడ్, అంటే రోగి ఎందుకు వచ్చారో చెప్పేది, జడ్45.010.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఇలాంటి కేసుకే జనరేటర్ తీసినందుకు 33233, పెట్టినందుకు 33213 అని రెండూ వేశాను. క్లెయిమ్ డినై అయి తిరిగొచ్చింది. రెండు పనులనూ కలిపిన ఈ కోడ్‌లు 2012లోనే వచ్చాయని అప్పటికి నాకు తెలియదు. 33233 ఒక్కటే వేయాలంటే జనరేటర్ తీసేసి, కొత్తది పెట్టకుండా వదిలేసి ఉండాలి. లీడ్‌లతో సహా మొత్తం మార్చిన కేసులోనూ అది వస్తుంది, కానీ అప్పుడు లీడ్ తీసినందుకు 33234 లేదా 33235, కొత్త సిస్టమ్‌కు 33206 నుంచి 33208లో ఒకటి తోడవుతాయి.

ఆపరేటివ్ రిపోర్టు పైన "డ్యూయల్ చాంబర్ పేస్‌మేకర్ రీప్లేస్‌మెంట్" అని చూడగానే చెయ్యి 33208 మీదికి పోతుంది. ఆపుకోండి. కింద వివరం మొత్తం చదవండి. పాత లీడ్‌లు ఊడదీసి, పరీక్షించి, కొత్త జనరేటర్‌కు తగిలించామని ఉంటే లీడ్‌లు పాతవే. సిర గుండా కొత్త లీడ్ పంపామని ఉంటేనే దారి మారుతుంది. ఇక లెక్కపెట్టాల్సింది ఒంట్లో ఉన్న లీడ్‌లను కాదు, ఆపరేషన్ ముగిసేసరికి జనరేటర్‌కు తగిలించి ఉన్నవాటిని. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా రోగి చార్టు చదివే మనకు ఆ రిపోర్టే ఆధారం, అందుకే ఇంతగా చెబుతున్నాను.

అభ్యాసం: 81 ఏళ్ల ఆమెకు రెండు లీడ్‌ల పేస్‌మేకర్ ఉంది. పాత జనరేటర్ తీశారు. ఏట్రియం లీడ్ పనిచేయడం లేదని దానికి క్యాప్ పెట్టి లోపలే వదిలేశారు. వెంట్రికిల్ లీడ్‌ను కొత్త సింగిల్ చాంబర్ జనరేటర్‌కు కలిపారు. ఏ కోడ్ వేస్తారు? జవాబు 5వ పాఠంలో.