ఆరోగ్య కేంద్రం గోడ మీద తోరణం, చెరువు, పాలపిట్ట: బొమ్మ ఎలా వేయాలి?

గోడ బొమ్మ అనగానే చాలామంది రంగుల డబ్బాలు కొనడానికి బయల్దేరతారు. అంతకంటే ముందు ఓపీ నడిచే ఒక పొద్దున పీహెచ్‌సీకి వెళ్లి, రోగులు కూర్చునే బెంచీ మీద అరగంట కూర్చోండి. జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లి చూపు ఎటు పోతోందో చూడండి. బొమ్మ రావాల్సింది ఆ గోడ మీదే. బెంచీ వెనక గోడకు తలలు ఆనుతాయి, నూనె మరకలు పడతాయి. దానికి ముదురు రంగు వేసి వదిలేయండి.

మెడికల్ ఆఫీసర్‌ను అడిగి, టీకాల రోజులు తప్పించి, ఓపీ అయ్యాక పని పెట్టుకోండి.

మొదట గోడకు చెమ్మ ఉందేమో చూడాలి. అడుగు పొడవు, అడుగు వెడల్పు పాలిథిన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు ఉంచండి. లోపల నీటి బొట్లు కనిపిస్తే, ఆ లీకేజీ బాగుచేసేదాకా బ్రష్ ముట్టుకోవద్దు. గోడ పొడిగా ఉంటే పెచ్చులు గీకి, పుట్టీ పెట్టి, ఎమరీ పేపర్‌తో రుద్ది, ప్రైమర్ కొట్టండి. ఆయిల్ పెయింట్ మాత్రం వద్దు. ఆ వాసన ఆయాసం ఉన్నవాళ్లకు నరకం. వాసన తక్కువుండే, తడి గుడ్డతో తుడవడానికి వీలైన యాక్రిలిక్ ఎమల్షన్ తీసుకోండి.

ఏం వేయాలి? 1984లో రోజర్ ఉల్రిచ్ అనే పరిశోధకుడు ఒక అధ్యయనం ప్రచురించారు. అమెరికాలోని ఒక ఆసుపత్రిలో ఆపరేషన్ అయినవాళ్లలో, కిటికీలోంచి చెట్లు కనిపించినవాళ్లు ఇటుక గోడ కనిపించినవాళ్లకంటే త్వరగా ఇంటికెళ్లారు. అది కిటికీ, మనది బొమ్మ. అయినా చూపుకు పచ్చదనం ఇవ్వడానికి నాకు ఆ ఒక్క కారణం చాలు. మా వరంగల్ వైపైతే కాకతీయ కీర్తితోరణాన్ని వాకిలిలా నిలబెట్టి, అందులోంచి రామప్ప చెరువు, గట్టున తంగేడు పూలు కనిపించేలా వేస్తాను. మీ ఊరి గుడి గోపురమో, కోట బురుజో, చెరువు కట్టో ఉంటే అదే వేయండి. ఊరివాళ్లు గుర్తుపట్టాలి.

బొమ్మను ముందు కాగితం మీద అంగుళం గళ్లలో గీసుకోండి. కాగితం మీద అంగుళం గోడ మీద అడుగు అనుకుని, సుద్ద రాసిన దారం కొట్టి గోడ మీదా గళ్లు గీయండి. గీతలకు బొగ్గు మంచిది. శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులు కాల్చిన చింతపుల్లతోనే గీస్తారు. తప్పయితే గుడ్డతో దులిపేయొచ్చు.

ఆకాశం, నీళ్లు ముందు వేసి పైనుంచి కిందికి రండి. తోరణానికి ఉత్త బూడిదరంగు వేస్తే సిమెంటులా ఉంటుంది. కాస్త గోధుమ రంగు కలపండి. గదిలోకి వెలుతురు ఏ వైపునుంచి వస్తుందో బొమ్మలోనూ ఆ వైపునుంచే రావాలి. పాలపిట్టను ఎగురుతున్నట్టే వేయండి. కూర్చుంటే దాని అందం సగం దాగిపోతుంది. రెక్క విప్పితేనే ముదురు నీలం, లేత నీలం పట్టీలు పక్కపక్కనే మెరుస్తాయి. రెండడుగుల ఎత్తులో నత్త, కప్ప, సీతాకోకచిలుక దాచండి. సూదికి భయపడే పిల్లలు వాటిని వెతుక్కుంటారు.

పూర్తిగా ఆరాక పైన క్లియర్ కోటు, అంటే రంగులేని పూత, వేయండి. మిగిలిన రంగులను చిన్న సీసాల్లో పోసి, పేర్లు రాసి, స్టోర్ రూమ్‌లో పెట్టించండి. స్ట్రెచర్ తగిలి గోడ గీసుకుపోయిన రోజు అవి కావాలి.