చప్పుడు చేసే గ్రాఫిక్స్ కార్డును మార్చే ముందు ఒకసారి విప్పి చూడండి

మాది ప్రకాశం జిల్లా చీమకుర్తి. గెలాక్సీ గ్రానైట్ ఊరు కాబట్టి దుమ్ముకు కరువు లేదు. పొద్దున తుడిచిన బల్ల మీద మధ్యాహ్నానికి వేలితో పేరు రాయవచ్చు. మేడ మీది గదిలో పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తుంటాను. నా జీటీఎక్స్ 1660 సూపర్ కార్డు ఈ రోహిణి కార్తెలో ఎంత గోల పెట్టిందంటే, కింది నుంచి మా అమ్మ "ఇంత రాత్రివేళ మిక్సీ ఎవరు వేశారురా?" అని కేకేసింది.

దుకాణంలో అడిగితే కార్డు చూడకుండానే కొత్తదాని ధర చెప్పారు. అక్కడే నాకు అనుమానం వచ్చింది. మీరు కూడా ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ చప్పుడే లేకపోతే ఈ కార్డును ఇంకో రెండేళ్ళు వాడుకుంటారా? వాడుకుంటాననుకుంటే చదవండి.

ముందు చప్పుడు ఎక్కడిదో పట్టుకోవాలి. క్యాబినెట్ పక్క రేకు తీసి, కార్డు ఫ్యాన్ నడుమ ఉండే గుండ్రటి స్టిక్కర్ మీద వేలు ఆనించి ఒక్క క్షణం ఆపండి. రెక్కల జోలికి పోవద్దు. గరగర ఆగిపోతే ఆ ఫ్యాన్ బేరింగ్ అరిగినట్టే. వేడి పెరిగేకొద్దీ హోరు పెరుగుతుంటే దుమ్ము పట్టిందో, చిప్పు వేడిని పైకి లాగేందుకు దాని మీద రాసే థర్మల్ పేస్టు ఎండిందో అయి ఉంటుంది. ఫ్యాన్ ఆపినా సన్నని ఈల వినిపిస్తుంటే అది కార్డులోని కాయిల్‌ది, అంటే కరెంటు పారే తీగచుట్టది. దానికి ఏ ఫ్యానూ మందు కాదు. ఆటలు ఆడేవారు సెకనుకు తెర మీద వచ్చే ఫ్రేములకు పరిమితి పెట్టుకుంటే కొంత తగ్గుతుంది.

పైసా ఖర్చు లేని పని ఒకటుంది. ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పవర్ లిమిట్‌ను, అంటే కార్డు లాగే కరెంటు పరిమితిని, 80 శాతానికి దించండి. నలభై నిమిషాల రెండర్ (ఎడిట్ చేసిన వీడియోను ఫైలుగా తయారుచేయడం) నాకు రెండు నిమిషాలే పెరిగింది, వేడి మాత్రం 84 డిగ్రీల నుంచి 78కి దిగింది.

అది చాలకపోతే స్క్రూడ్రైవర్ తీయాలి. కంప్యూటర్ ఆపి, ప్లగ్గు పీకి, కార్డు బయటికి తీయండి. బ్లోయర్‌తో ఊదేటప్పుడు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి. చిప్పు చుట్టూ ఉండే నాలుగు స్ప్రింగు స్క్రూలను ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా వదులు చేయాలి. చిప్పు వేడిని లాగే లోహపు రేకుల దిమ్మ, అదే హీట్‌సింక్, లేచీ లేవగానే గుంజకండి, కింద ఫ్యాను తీగ ఉంటుంది. నాది విప్పితే హీట్‌సింక్ రేకుల మధ్య రాతిదుమ్ము చెమ్మకు అట్టకట్టి, కుంకుడు నురగ ఎండిన రంగులో ఉంది. పాత పేస్టు గోటితో గీకితే పొడిగా రాలింది. దాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, కొత్త పేస్టును చిప్పు మొత్తం పలచగా కప్పేలా రాయాలి. మూలలు వదిలేస్తే అక్కడే కాలుతుంది.

మెమరీ చిప్పుల మీది మెత్తని ప్యాడ్లు చిరిగితే అదే మందం ఉన్నవి వేయండి. అర మిల్లీమీటరు మందం ఎక్కువైనా హీట్‌సింక్ అసలు చిప్పుకు ఆనదు. నేను మొదటిసారి ఆ పొరపాటే చేశాను. బిగించి ఆన్ చేసిన నిమిషంలోనే 90 దాటింది. మళ్ళీ విప్పాల్సి వచ్చింది.

ఫ్యాన్లే అరిగి ఉంటే మీ కార్డు మోడల్‌కు సరిపోయే జత దొరుకుతుందేమో చూడండి. నాకు దొరకలేదు. ప్లాస్టిక్ తొడుగును, పాత ఫ్యాన్లను తీసేసి, 120 మిల్లీమీటర్ల క్యాబినెట్ ఫ్యాన్లు రెండింటిని హీట్‌సింక్‌కు ప్లాస్టిక్ ట్యాగులతో కట్టేశాను. చూడటానికి కట్టెల మోపులా ఉంటుంది, పనిమాత్రం బ్రహ్మాండంగా చేస్తుంది. పెద్ద రెక్క నెమ్మదిగా తిరిగినా అంతే గాలి తోస్తుంది కాబట్టి హోరు ఉండదు. కార్డు మందం మూడు స్లాట్లవుతుంది, కింద చోటుందో లేదో ముందే కొలవండి. కార్డు మీది ఫ్యాన్ పిన్నులు చిన్నవి, అడాప్టర్ తీగ కావాలి. కొత్త ఫ్యాన్ల స్టిక్కర్ మీది ఆంపియర్లు పాతవాటి మొత్తాన్ని మించకూడదు. మదర్‌బోర్డుకు తగిలిస్తే అది సాధారణంగా ప్రాసెసర్ వేడిని చూసి తిప్పుతుంది, కార్డు గోడు పట్టించుకోదు. అన్నీ కలిపి నాకు రెండు వేలలోపే అయింది. ఇప్పుడు పూర్తి భారం మీద 69 డిగ్రీలు.

కొత్త కార్డు కొన్నా గది చల్లబడదు. నా 1660 సూపర్ 125 వాట్ల కార్డు, ఆర్‌టీఎక్స్ 3060 అయితే 170. ఇరుకు క్యాబినెట్‌లో ఆ వేడి కూడా బయటికి పోవాలి కదా, మళ్ళీ ఫ్యాన్లే అరవాలి. పవర్ సప్లై కూడా మార్చాల్సి రావచ్చు.

మార్చడానికి సరైన కారణాలు వేరే ఉన్నాయి. తెర మీద రంగు మచ్చలు వస్తుంటే ఫ్యాన్ల మీద డబ్బు పెట్టకండి. ఆరు జీబీ మెమరీ చాలక ప్రాజెక్టు మధ్యలో ఆగిపోతుంటే కూడా అంతే. నా పనిలో ఇంకోటి: 10 బిట్ 4:2:2 వీడియో (రంగుల వివరాలు ఎక్కువగా ఉండేది) తీసే కెమెరా కొంటే, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 వరుస కార్డులే ఆ ఫైళ్ళను నేరుగా విప్పగలవు. ఆ కెమెరా నేనింకా కొనలేదు.