పిల్లల భయంతో వాదించకండి

"ఇందులో భయపడటానికి ఏముంది?" అన్న మాట పిల్లల దగ్గర అనకండి. నేను మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు చెబుతాను. ఆ మాట విని భయం మానేసిన పిల్లలను ఇంతవరకు చూడలేదు, భయాన్ని మనకు చెప్పడం మానేసిన వాళ్లను మాత్రం చాలామందినే చూశాను. "భయం వేసిందా? నేనున్నాను, పక్కనే ఉంటాను" అనండి చాలు. అంతకుమించి ఆ నిమిషంలో ఏం చెప్పినా వాళ్ల చెవికెక్కదు.

ముందు వయసు చూడండి. ఎనిమిది, తొమ్మిది నెలల పాప కొత్తవాళ్ల చేతికి వెళ్లనని ఏడవడం, రెండేళ్ల వాడు మిక్సీ మోతకి చెవులు మూసుకోవడం, నాలుగేళ్లకి మంచం కింద ఏదో ఉందనడం, ఇవన్నీ ఎదుగుదలలో వచ్చేవే. నాలుగేళ్ల వయసులో ఊహ బాగా పెరుగుతుంది కానీ, ఏది ఊహో ఏది నిజమో తేల్చుకోవడం ఇంకా పూర్తిగా రాదు. అందుకే చీకట్లో కుర్చీ మీది చొక్కా వాళ్లకి మనిషిలా కనిపిస్తుంది. లైటు వేసి, ఆ చొక్కాని వాళ్ల చేతే పట్టించి, మళ్లీ లైటు తీసి ఇద్దరూ కలిసి చూడండి. మంచం కింద మందు కొట్టి దయ్యాన్ని తరిమేశామని చెప్పడం మాత్రం నాకు నచ్చదు. తరిమామంటే ఉందని ఒప్పుకున్నట్టే కదా.

ఇక అసలు పని. భయపెట్టే వస్తువుని పూర్తిగా తప్పించకూడదు, ఒక్కసారిగా మీద పడేయకూడదు. తప్పించిన ప్రతిసారీ "చూశావా, అది నిజంగానే ప్రమాదం" అని పిల్లలకు మనమే చెప్పినట్టవుతుంది. దాని బదులు, దగ్గరికి వెళ్లే దారిని చిన్న చిన్న ముక్కలు చేయండి.

మా తరగతిలో ఐదేళ్ల బాబు ఒకడు కుక్క కనిపిస్తే చాలు, వాళ్లమ్మ చంకెక్కేసేవాడు. మొదట బొమ్మల పుస్తకంలో కుక్కల్ని చూశాం. తర్వాత కిటికీలోంచి చూశాం. ఆ తర్వాత తెలిసినవాళ్ల కుక్కని, వాళ్లు గొలుసు పట్టుకుని కూర్చోగా, దూరంగా నిలబడి చూశాం. వాడు నా రెండు వేళ్లు పట్టుకున్నాడు, గోళ్లు గుచ్చుకునేంత గట్టిగా. "ఇంకో అడుగు వేద్దామా, ఇక్కడే ఉందామా?" అని అడిగాను. "ఇక్కడే" అన్నాడు. సరే, అక్కడే నిలబడ్డాం. కాసేపటికి పట్టు వదులైంది. "టీచర్, దాని నాలుక ఎప్పుడూ బయటే ఉంటుందా?" అన్నాడు. పిల్లలు ప్రశ్న అడిగారంటే భయం కాస్త దిగిందని నా లెక్క. ఆ రోజుకి అక్కడితో ఆపేశాం. భయం బాగా ఎక్కువగా ఉన్నప్పుడు వెనక్కి తెచ్చేస్తే, పారిపోవడం వల్లే బతికిపోయానని మనసులో పడిపోతుంది. కాస్త నెమ్మదించాక కదిలితే, నిలబడగలిగానన్నది గుర్తుంటుంది.

చాలా రోజుల తర్వాత వాడు దాని వీపు నిమిరాడు. తెలియని కుక్క దగ్గరికి వెళ్లకూడదు, తింటున్నదాన్ని కదపకూడదు, చూసి పరిగెత్తకూడదు అన్న జాగ్రత్తలు కూడా అప్పుడే నేర్పాం. ఆ జాగ్రత్త పోకూడదు.

ఈ పద్ధతి కొత్తదేం కాదు. అమెరికాలో మేరీ కవర్ జోన్స్ అనే మనస్తత్వవేత్త పీటర్ అనే చిన్న పిల్లవాడికి కుందేలంటే ఉన్న భయాన్ని ఇలాగే తగ్గించి, 1924లో దాని గురించి రాశారు. వాడు ఇష్టమైనది తింటూ ఉంటే, కుందేలుని కొంచెం కొంచెంగా దగ్గరికి తెచ్చారు. భయపడని పిల్లల్ని పక్కన ఆడనిచ్చారు. మధ్యలో ఒక పెద్ద కుక్క మీదికి దూకేసరికి పీటర్ మళ్లీ బెదిరిపోయాడు. ఓపిగ్గా మళ్లీ మొదలుపెడితే చివరికి కుందేలు వేళ్లు కొరుకుతున్నా ఊరుకున్నాడు. మీ ఇంట్లోనూ ఇలా వెనకడుగు పడొచ్చు, టెన్షన్ పడకండి. రెండు మెట్లు దిగి మళ్లీ ఎక్కించండి.

మోతలకైతే ఇంత అవసరం ఉండదు. "ఇప్పుడు మిక్సీ వేస్తున్నాను" అని ముందే చెప్పండి, మీరు పక్కనే ఉండి స్విచ్ వాళ్ల చేతే వేయించండి. ఇంజక్షన్‌కి "అస్సలు నొప్పి పుట్టదు" అని అబద్ధం చెప్పకండి. "కాస్త నొప్పి ఉంటుంది, పది లెక్కపెట్టేలోపు అయిపోతుంది" అనండి. అల్లరి చేస్తే బూచాడికి పట్టిస్తానని, డాక్టర్‌తో సూది పొడిపిస్తానని బెదిరించడం ఇంట్లో అందరూ మానేయాలి. పెద్దవాళ్లకు ఆ మాట నేరుగా చెప్పడం కష్టమే, అయినా చెప్పండి.

రాత్రి పీడకలకి లేస్తే దగ్గరికి తీసుకుని, కల వాళ్లని చెప్పనివ్వండి. నిద్రపోయిన కొద్ది గంటల్లోనే కళ్లు తెరిచి కేకలు పెడుతూ మిమ్మల్ని గుర్తుపట్టకపోతే, అది వేరు. లేపకండి, దెబ్బ తగలకుండా చూసుకోండి. పొద్దున్నకి వాళ్లకి ఏమీ గుర్తుండదు.

ఒకే భయం ఆరు నెలలైనా తగ్గకపోయినా, దానివల్ల నిద్ర, తిండి, బడి దెబ్బతింటున్నా పిల్లల డాక్టర్‌నో, పిల్లల మనస్తత్వ నిపుణులనో కలవండి. వెళ్లేముందు ఎప్పుడు, ఎక్కడ, దేన్ని చూసి భయపడుతున్నారో, ఎంతసేపటికి నెమ్మదిస్తున్నారో రాసుకుని తీసుకెళ్లండి. వాళ్లు మొదట అడిగేది అదే.