డెంగీ వైరస్ దోమను చంపదు: విశాఖ ఇళ్లలో ముందుగా చేయవలసిన పనులు

డెంగీ రోగిని కుట్టిన దోమకు ఆ వైరస్ వల్ల పెద్దగా జబ్బు చేయదు. దానికి మనలాగా యాంటీబాడీలు లేకపోయినా, దాని కణాలు వైరస్ జన్యుపదార్థమైన ఆర్‌ఎన్‌ఏను గుర్తుపట్టి ముక్కలు చేస్తాయి. ఆ రక్షణ వైరస్‌ను అదుపులో ఉంచుతుందే తప్ప పూర్తిగా తుడిచిపెట్టలేదు కనుక, వైరస్ పేగు గోడ దాటి సుమారు 8 నుంచి 12 రోజుల్లో లాలాజల గ్రంథులకు చేరుతుంది. ఆపైన ఆ దోమ బతికినంతకాలం జబ్బును అంటించగలదు.

అందుచేత అన్నిటికంటే ముందు, జ్వరం వచ్చిన మనిషిని తొలి వారం పగటిపూట కూడా దోమతెరలోనే పడుకోబెట్టాలి. రక్తంలో వైరస్ ఎక్కువగా ఉండేది ఆ రోజుల్లోనే. డెంగీని మోసే ఈడిస్ దోమ కుట్టేదీ పగలే. దోమతెర ఆరోగ్యవంతులకే అనుకుంటాం గానీ, రోగికి కట్టిన తెర ఆ ఇంటివారినీ, ఇరుగుపొరుగునీ కూడా కాపాడుతుంది.

తరువాతి పని నీళ్లది. కుళాయి కాసేపే వచ్చే కొండవాలు పేటల్లో డ్రముల్లో నీళ్లు పట్టుకోక తప్పదు. ఈడిస్ తన గుడ్లను నీటిమట్టానికి కాస్త పైన, తడిగోడకు నల్లటి నలుసుల్లా అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. కాబట్టి డ్రమ్మును ఒంపేస్తే చాలదు, లోపలి అంచును పీచుతో గట్టిగా రుద్ది కడగాలి. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది గనుక నీళ్ల పాత్రలన్నీ ఖాళీ చేసి ఆరబెట్టే శుక్రవారం డ్రై డేను ఏ వారమూ తప్పించకూడదు. పూలకుండీల పళ్లేలు, ఫ్రిజ్ వెనక ట్రే, తాగి పారేసిన కొబ్బరి బోండాలు, ఫిషింగ్ హార్బర్ వైపు వాననీరు నిలిచే పాత టైర్లు, థర్మోకోల్ పెట్టెలు కూడా చూసుకోవాలి. డాబా మీది ట్యాంకుకు మూత బిగుతుగా ఉండాలి; పట్టణ మలేరియాను మోసే అనాఫిలిస్ స్టెఫెన్సీ అక్కడే పెరుగుతుంది.

ఫాగింగ్ ఎగిరే దోమలనే చంపుతుంది, గుడ్లను తాకదు. డెంగీ వైరస్‌ను దోమ ఒంట్లోనే అణచివేసే వోల్బాకియా బ్యాక్టీరియా ఉన్న ఈడిస్ దోమలను పుదుచ్చేరిలోని వెక్టర్ కంట్రోల్ రీసెర్చ్ సెంటర్ అభివృద్ధి చేసింది. అయినా మన డ్రమ్మును మనమే రుద్దుకోవాలి.

జ్వరానికి పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ వాడవద్దు. తొలి 5 రోజుల్లో డెంగీని గుర్తించే ఎన్‌ఎస్‌1 రక్తపరీక్ష చేయించండి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం కనిపిస్తే, జ్వరం తగ్గిన తరువాతైనా సరే, వెంటనే కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కో దగ్గరలోని ఆసుపత్రికో తీసుకువెళ్లండి.