డాక్యుమెంటేషన్‌లో చిన్న తప్పు కనిపిస్తే ఇలా సరిచేయండి

ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ డాక్స్‌లో, అంటే ఆ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే పేజీల్లో, స్పెల్లింగ్ తప్పో, పనిచేయని లింకో కనిపిస్తే వదిలేయకండి, ముందు లేటెస్ట్ వెర్షన్ పేజీ తెరిచి అక్కడా అలాగే ఉందేమో చూడండి, చాలాసార్లు ఈలోపే ఎవరో సరిచేసేసి ఉంటారు. ఇంకా ఉంటే, ప్రాజెక్ట్ గిట్‌హబ్‌లో (కోడ్ పెట్టి పంచుకునే సైట్) ఉన్నదైతే ఆ ఫైల్ తెరిచి పెన్సిల్ గుర్తు నొక్కండి, మీకు రైట్ యాక్సెస్ (నేరుగా మార్చే అనుమతి) లేకపోతే ఫోర్క్ (మీ సొంత కాపీ) చేసుకోమంటుంది, గిట్ (మార్పుల్ని ట్రాక్ చేసే టూల్) ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు.

తప్పున్న ముక్క ఒక్కటే మార్చండి, పనిలో పనిగా పేరా అంతా తిరగరాయొద్దు, రివ్యూ చేసేవాళ్లకి అసలు మార్పేదో కనిపించాలి కదా. కమాండ్ మారిస్తే మాత్రం మీ మెషీన్‌లో రన్ చేసి చూశాకే పంపండి, నా దృష్టిలో ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఎందుకంటే జనం దాన్ని ఉన్నదున్నట్టు కాపీ పేస్ట్ చేసేస్తారు.

కాంట్రిబ్యూటింగ్ ఫైల్ (మార్పులు ఎలా పంపాలో చెప్పేది) ఉంటే ఓసారి చదివి, ఏం మార్చారో ఒక్క లైన్‌లో రాసి పుల్ రిక్వెస్ట్ (మీ మార్పు కలుపుకోమని అడగడం) పెట్టేయండి.